ప్రత్యభివాదము: పిల్లల మర్యాదకు పెద్దలు చెల్లించవలసిన బదులు

గడచిన కార్తికమాసంలో ఒక సోమవారం నాడు, అభిషేకాలు ముగిసి భక్తులు పలచబడిన వేళ, మా గ్రామస్థులైన ఒక గృహస్థు తన పదేళ్ళ కుమారుని వెంటబెట్టుకొని శివాలయానికి వచ్చారు. తీర్థం పుచ్చుకొన్న తరువాత కొంచెం సంకోచిస్తూ ఇలా అడిగారు: "స్వామీ, వీడికి పెద్దలంటే బొత్తిగా గౌరవం లేకుండా పోతున్నది. పిలిస్తే పలకడు. ఇంటికి ఎవరైనా వస్తే తలెత్తి చూడడు. నిత్యం చదివితే వినయం అలవడే శ్లోకం ఏదైనా ఉంటే సెలవియ్యండి." నేనొక శ్లోకం చెప్పాను. ఆయన దానిని వ్రాసుకొని సంతోషంగా వెళ్ళిపోయారు.

రాత్రి ఆలయం తలుపులు మూసి ఇంటికి నడుస్తుండగా, ఎనిమిదేళ్ళ మా మనుమడు దారిలో ఎవరూ లేరని చూచుకొని మెల్లగా అన్నాడు: "తాతగారూ, ఆ అబ్బాయి లోపలికి రాగానే మీకు దండం పెట్టాడు. మీరు చూడలేదు. ఫోనులో ఎవరికో ముహూర్తం చెబుతున్నారు. వాడు రెండోసారి కూడా పెట్టాడు."

నేనేమీ అనలేకపోయాను. వినయానికి శ్లోకం చెప్పిన నోటితోనే ఆ బాలుని నమస్కారానికి బదులు చెప్పలేకపోయాను. ఆ రాత్రి మొదలుకొని నా మనస్సులో తిరుగుతున్న విషయాన్నే ఇక్కడ వ్రాస్తున్నాను. మన పూర్వులు పిల్లలకు మర్యాద ఎలా నేర్పారు? అందులో పిల్లల వంతు ఎంత, పెద్దల వంతు ఎంత?

ముందుగా ఆ మాటనే చూద్దాం. మర్యాద అనే సంస్కృతపదానికి మొదటి అర్థం హద్దు, సీమ. సముద్రానికి చెలియలికట్ట మర్యాద. మా కోనసీమవారికి ఈ అర్థం వేరుగా బోధించనక్కరలేదు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ పుట్టి పెరిగిన మాకు ఏటిగట్టు అంటే ఏమిటో పాలు త్రాగే వయస్సునుండే తెలుసు. వరద వచ్చినప్పుడు గట్టు నదిని ఊరిలోకి రానివ్వదు. వరద లేనప్పుడు ఊరు నదిలోకి చొరబడకుండా చూడవలసినది కూడా ఆ గట్టే. గట్టుకు రెండు వైపులు ఉన్నాయి. మర్యాదకు కూడా రెండు వైపులు ఉన్నాయని మన శాస్త్రకారులు గుర్తించారు. మనం మాత్రం కాలక్రమంలో ఒక వైపునే చూడడం అలవాటు చేసుకొన్నాం.

కోనసీమ వైదికులలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయశాఖవారు, ఆపస్తంబసూత్రులు. ఉపనయనమైన వటువుకు మొదట నేర్పే లౌకికమర్యాద అభివాదనం. రెండు చేతులతో చెవులను తాకి, తన గోత్రాన్ని, ప్రవరఋషులను, సూత్రాన్ని, శాఖను, చివరకు తన పేరును చెప్పుకొని, వంగి పెద్దల పాదాలను స్పృశించడం ఆ విధి. ఇంతవరకు అందరికీ తెలిసినదే. పెళ్ళిళ్ళలో, ఉపనయనాలలో చూస్తూనే ఉంటాం. అయితే ఈ విధికి రెండవ సగం ఒకటున్నది. దానిపేరు ప్రత్యభివాదం. నమస్కారం అందుకొన్న పెద్ద దీర్ఘాయువును ఆశీర్వదించి, ఆ బాలుని పేరును పలకాలి. ఊరకే పలికితే చాలదు. పేరు చివరనున్న అచ్చును ప్లుతంగా, అనగా మూడు మాత్రల కాలం సాగదీసి పలకాలి. ఆపస్తంబుడు తన ధర్మసూత్రంలో ఈ ప్లుతాన్ని విధించాడు. పాణిని అష్టాధ్యాయిలో, ఎనిమిదవ అధ్యాయంలో, దీనికోసమే ప్రత్యేకంగా ఒక సూత్రం చేశాడు. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ప్లుతం మూడు. కోడికూతలోని ఉకారాన్ని ఈ మూడు కాలాలకు ఉదాహరణగా వైయాకరణులు చెబుతారు. మా గురువుగారు ఆ పాఠం చెప్పేటప్పుడు నిజంగానే కోడిలా కూసి చూపేవారు, మేము నవ్వు ఆపుకోలేకపోయేవాళ్ళం.

ఇంత చిన్న విషయానికి ఒక వ్యాకరణసూత్రం ఎందుకు? మూడు మాత్రల కాలం ఒక పేరును పలకాలంటే చేస్తున్న పనిని ఆపాలి. ఎదుట వంగినవాడు ఎవరో తెలియాలి. వాడి పేరు శ్రద్ధగా విని ఉండాలి. పిల్లవాడు తన పేరును పెద్దల నోట నిండుగా వింటాడు. తాను చేసిన నమస్కారం గాలిలో కలిసిపోలేదని, ఒకరికి అందిందని గ్రహిస్తాడు. ప్రత్యభివాదం ఎరుగని విప్రునికి పండితుడు అభివాదమే చేయనక్కరలేదని మనుస్మృతి రెండవ అధ్యాయం చెబుతున్నది. పతంజలి తన మహాభాష్యం ఆరంభంలో, వ్యాకరణం ఎందుకు చదవాలో చెప్పే ప్రయోజనాలలో, ఈ ప్లుతజ్ఞానాన్ని కూడా చేర్చాడు. అంటే బదులు చెప్పడం రానివాడు, ఎంత వయస్సు మళ్ళినా, పెద్దరికానికి అనర్హుడని మన ప్రాచీనుల నిర్ణయం. కార్తిక సోమవారం నాటి నా స్థితి అదే.

ఇక్కడ ఒక విషయాన్ని దాచకూడదు. పాణిని సూత్రంలోనే ఈ ప్లుతం నుండి శూద్రులను మినహాయించాడు. తరువాతి వ్యాఖ్యాతలు స్త్రీలను కూడా మినహాయించారు. ఆపస్తంబుడు ఏ వర్ణంవాడు చేతిని ఎంత ఎత్తున చాచి నమస్కరించాలో చెవి, ఎదురొమ్ము, నడుము అంటూ కొలతలు ఇచ్చాడు. నిండుగా పేరు పిలిపించుకొనే అదృష్టం అందరి పిల్లలకూ లేదన్నమాట. దీనిని మరల ప్రస్తావిస్తాను.

మర్యాద నేర్పడంలో దండన మాట వస్తుంది. "వెనుకటి కాలంలో బెత్తం ఉండేది కనుకనే భయభక్తులు ఉండేవి" అని మా ఆలయ మండపంలో కూర్చొనే వృద్ధులు తరచుగా అంటూ ఉంటారు. ఎంత వెనుకటి కాలం అని నేను వారిని అడుగుతూ ఉంటాను. ఆపస్తంబుడు శిష్యుని అపరాధాలకు చెప్పిన దండనలు నాలుగే: భయపెట్టడం, ఒక పూట ఉపవాసం, చన్నీటిస్నానం, కొంతకాలం తన కంటబడవద్దని పంపివేయడం. తప్పు ఎంతో చూచి, అది మానేవరకు మాత్రమే వీటిని ప్రయోగించాలి. ఆ జాబితాలో దెబ్బ లేదు. గౌతమధర్మసూత్రం కొట్టకుండానే శాసించాలంటుంది. వేరు మార్గం లేకపోతే సన్నని త్రాడు గాని, చీల్చిన వెదురుబద్ద గాని ఉపయోగించవచ్చునని, మరి దేనితోనైనా కొడితే ఆ గురువును రాజు దండించాలని చెబుతుంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం పదిహేడవ సెక్షనులో బడిలో శారీరకదండనను నిషేధించినప్పుడు, అది మన సంప్రదాయానికి విరుద్ధమని కొందరు పెద్దలు బాధపడ్డారు. నాకు ఆ బాధ కలగలేదు.

ఆపస్తంబుడు అక్కడితో ఆగలేదు. శిష్యుని కుమారునివలె ప్రేమించాలి. తెలిసినదానిలో ఏదీ దాచుకొనకుండా చెప్పాలి. ఆపద లేనప్పుడు చదువు చెడిపోయేలా తన సొంతపనులకు వాడుకోకూడదు. బోధించడం ఎగవేసిన ఆచార్యుడు ఆచార్యుడే కాకుండా పోతాడు. ఇవన్నీ గురువుకు విధించిన మర్యాదలు. వీటన్నిటికన్న నన్ను ఆశ్చర్యపరచిన సూత్రం మరొకటున్నది. ఆచార్యుడు పొరపాటున గాని, తెలిసి గాని నియమాన్ని మీరితే శిష్యుడు ఆ సంగతిని ఆయనకు ఏకాంతంలో తెలియజేయాలట. పదిమందిలో కాదు, ఏకాంతంలో. ఈ సూత్రాన్ని నేను ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. మా మనుమడు దానిని ఇంకా చదవలేదు. అయినా దారిలో ఎవరూ లేరని చూచుకొన్న తరువాతనే నోరు విప్పాడు.

ఇక శాస్త్రాల కాలం నుండి మన తాతముత్తాతల కాలానికి వద్దాం. 1822 జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, రాజధానిలోని దేశీయవిద్య స్థితిని గూర్చి జిల్లాలవారీగా వివరాలు సేకరించవలసినదని ఆజ్ఞాపించాడు. అప్పుడు కోనసీమ రాజమహేంద్రవరం జిల్లాలో భాగం. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికింకా లేదు. అది 1847లో మొదలై 1852లో పూర్తయినది. రాజమహేంద్రవరం జిల్లానుండి వెళ్ళిన లెక్కలో 291 బడులు, వాటిలో 2,658 మంది విద్యార్థులు ఉన్నారు. ఉన్నతవిద్య చెప్పే పాఠశాలలు 279, వాటిలో 1,454 మంది ఉన్నారు. వేదశాస్త్రాలు చెప్పే ఇటువంటి పాఠశాలలను కలెక్టర్లు కళాశాలలుగా లెక్కించారు. అలా చూస్తే మద్రాసు రాజధానిలో అన్నిటికన్న ఎక్కువ కళాశాలలు చూపిన జిల్లా మనదే. ఈ పత్రాలను ధరంపాల్ గారు 1983లో ఒక గ్రంథంగా ప్రకటించిన తరువాత ఈ సంఖ్యలు పదిమందికీ తెలిశాయి. మా ప్రాంతపు సభలలో వీటిని గర్వంగా చదువుతారు. గర్వించవచ్చు, తప్పులేదు.

నాకు సంఖ్యలకన్న ఆ నివేదికతో పంపిన పుస్తకాల జాబితా ప్రీతికరం. మన జిల్లా బడులలో చదివే తెలుగు గ్రంథాల పేర్లు అందులో వరుసగా ఉన్నాయి. దాశరథీశతకం, కృష్ణశతకం, సుమతీశతకం, భాస్కరశతకం, జానకీశతకం, ప్రహ్లాదచరిత్ర, గజేంద్రమోక్షం, కుచేలోపాఖ్యానం, ఉద్యోగపర్వం, అమరం, ఆంధ్రనామసంగ్రహం, లెక్కలకు పావులూరి గణితం. ఆ ఎంపికను గమనించండి. కుచేలోపాఖ్యానంలో రాజైన శ్రీకృష్ణుడు చిరిగిన వస్త్రంతో వచ్చిన చిన్ననాటి స్నేహితునికి ఎదురేగి కాళ్ళు కడుగుతాడు. ఉద్యోగపర్వంలో రాయబారి శత్రుసభలో ఎలా మాట్లాడాలో ఉన్నది. ప్రహ్లాదచరిత్రలో అయిదారేళ్ళ బాలుడు తండ్రి మాటను కాదంటాడు, కాని తండ్రిని తూలనాడడు. ఇది కేవలం విధేయతను నేర్పే పాఠ్యక్రమం కాదు. వంగవలసినచోట వంగడం, నిలవవలసినచోట మర్యాద తప్పకుండా నిలవడం, రెండూ ఇందులో ఉన్నాయి.

అయితే పుస్తకం ఎంత మంచిదైనా అది పిల్లవాడికి ఎలా చేరిందన్నది వేరే ప్రశ్న. దీనికి సమాధానం మన జిల్లా నివేదికలో కన్న బళ్ళారి నివేదికలో స్పష్టంగా దొరుకుతుంది. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం సీమ కూడా కలిసి ఉండేది. కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ తెలుగు తెలిసినవాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడు. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదిక వీధిబడిని కన్నులకు కట్టిస్తుంది. ఉదయం ఆరుగంటలకు బడి మొదలవుతుంది. అందరికన్న ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవచిహ్నంగా సరస్వతి పేరు వ్రాస్తారు. రెండవవాడి చేతిలో సున్న, అనగా మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివానికీ ఒక్కొక్కటి ఎక్కువ. సోమరిని బెత్తంతో కొట్టడం, చేతులు కట్టి దూలానికి వేలాడదీయడం, కూర్చొని లేవమనడం కూడా ఆయన వ్రాశాడు. వేలాడదీయడం కోదండం. కూర్చొని లేవడం గుంజీలు. గుంజీలు కష్టమైనవే గాని బహుశా ఆరోగ్యానికి మంచివని ఆయన ఒక చమత్కారం కూడా విసిరాడు.

ఆపస్తంబుని నాలుగు దండనలకు, ఈ కోదండానికి మధ్య ఎంత దూరమున్నదో చూడండి. బెత్తం సనాతనమైనదని భావించే పెద్దలు తలచుకొంటున్నది ఋషుల కాలాన్ని కాదు, ఈ వీధిబడినే. అయినా వీధిబడి పంతులును నేను నిందించలేను. ఆయన బ్రతుకు పిల్లల తలిదండ్రులిచ్చే కొద్దిపాటి పైకంమీద, ధాన్యంమీద ఆధారపడినది. దసరాలో గిలకలు పట్టుకొన్న పిల్లలతో ఇల్లిల్లూ తిరిగి పద్యాలు పాడించి సంపాదించుకొనే నాలుగు రూకలమీద, పిల్లలకు దక్కే పప్పుబెల్లాల సందడిమీద సాగినది. మా చిన్నతనం నాటికి ఆ ఆచారం సన్నగిల్లినా పూర్తిగా పోలేదు. ఒక్కమాట చెప్పాలి. పరాయి గడపలో ఎలా నిలబడాలో, ఇచ్చినదానిని రెండు చేతులా ఎలా అందుకోవాలో, ఇవ్వనివారిని కూడా దీవించి ఎలా వెనుదిరగాలో ఆ దసరా ఊరేగింపు నేర్పినంతగా ఏ పద్యమూ నేర్పలేదు.

క్యాంబెల్ మరొక మాట అన్నాడు, అది మనకు కటువుగా తోచినా సత్యం. పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు తడబడకుండా అప్పగిస్తారు గాని, వాటి అర్థం పలుకులు నేర్చిన చిలుకకు తెలిసినంతే వారికీ తెలుసునన్నాడు. చాలాచోట్ల గురువుకు కూడా తెలియదన్నాడు. ఆ వాక్యం చదివినప్పుడు, కార్తిక సోమవారం నాడు నేను చెప్పిన శ్లోకం గుర్తుకు వచ్చినది. దాని అర్థం కూడా చెప్పకుండానే పంపించాను.

ఇక, ఆ బడులలో లేని పిల్లల మాట. బళ్ళారి జిల్లా 533 బడులలో 6,641 మంది చదువుతుండగా అందులో బాలికలు 60 మంది మాత్రమే. మన జిల్లా స్థితి దీనికి ఎంతో భిన్నంగా ఉన్నదని నేననుకోను. మాలమాదిగ వాడల పిల్లలు బడి అరుగు ఎక్కే ప్రసక్తే ఆనాడు లేదు. వారికి కూడా మర్యాద నేర్పారు. ఎవరు ఎదురైతే పక్కకు తొలగాలో, ఎవరి ముందు కండువా తీసి నడుముకు చుట్టుకోవాలో, ఎవరిని తమరని సంబోధించాలో వారి పిల్లలకు మన పిల్లలకన్న ముందే, మన పిల్లలకన్న కఠినంగా నేర్పారు. దానికి ప్రత్యభివాదం లేదు. రాజోలు ప్రాంతపు మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న గారు ఈ పరిస్థితినుండి ఎదిగివచ్చి మహాకవి అయినారు. చదువుకొని పైకి వచ్చిన ఒక పాలేరు బాలుని కథను ఆయన 'పాలేరు' నాటకంగా రచించారు. 1975లో వారి 'గుడిసెలు కాలిపోతున్నై' కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. కోనసీమ సంస్కృతిని గూర్చి మాట్లాడేటప్పుడు మా వైదికసభలలో ఆయన పేరు తలవడం అరుదు. అది కూడా బదులు పలకని ఒక నమస్కారమే.

నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. నాకు పదేళ్ళ వయస్సు, గురువుగారి ఇంట వేదాధ్యయనం. ఇంటి వెనుక కొబ్బరితోటలో దింపు తీయడానికి ఒక వృద్ధుడు వచ్చేవాడు. డెబ్బై దాటినా చెట్టెక్కేవాడు. ఒకనాడు నేను అరుగుమీదనుండే "ఏరా, ఎన్ని కాయలు దిగాయిరా?" అని కేకవేశాను. ఆయన తలపాగా తీసి చేతబట్టుకొని, "ఆయ్, ఆరొందలు దిగాయండి బాబుగారూ" అన్నాడు.

మా గురువుగారు లోపలినుండి విన్నారు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మరునాడు సంథ చెప్పేటప్పుడు నన్ను ఎదుట కూర్చోవద్దన్నారు. ఆ రోజంతా నేను ఆయన కంటబడరాదు. ఆపస్తంబుని నాలుగవ దండన. తోటివారు చదువుతుంటే గోడ వెనుక కూర్చొని విన్నాను. అంత దీర్ఘమైన పగలు నాకు మరొకటి గుర్తులేదు. సాయంకాలం పిలిచి ఒకే ప్రశ్న అడిగారు: "మీ తాతగారికన్న ఆయన ఎన్నేళ్ళు పెద్ద?" తరువాతి దింపుకు ఆ వృద్ధుడు వచ్చినప్పుడు నేను దగ్గరకు వెళ్ళి, "తాతా, మీరు ఎన్ని కాయలు దింపారు?" అని అడిగాను. ఆయన నాకన్న ఎక్కువగా సిగ్గుపడి, "అంత మాట వద్దండి బాబూ, ఎవరైనా వింటారు" అన్నాడు. ఎవరైనా వింటే శిక్ష పడేది నాకు కాదని ఆ వయస్సులో నాకు అర్థం కాలేదు.

ఇంతవరకు చెప్పి ఊరుకొంటే మా గురువుగారికి పూలదండ వేసినట్లుంటుంది. నిజం ఏమిటంటే, గురువుగారు తాము మాత్రం ఆ వృద్ధుని చివరివరకు ఏకవచనంతోనే పిలిచారు. నాకు నేర్పిన మార్పును తమ నాలుకకు నేర్పుకోలేకపోయారు. అది గమనించి కూడా నేను ఆయనతో ఏకాంతంలో చెప్పలేదు. సూత్రం నాకు ఆ అధికారం ఇచ్చినదని అప్పటికి తెలియదు. తెలిసిన నాటికి వారు లేరు.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, చదువు ముగించి వెళ్ళే శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశమున్నది. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవంగా భావించమన్న భాగం గోడలమీద, బడి పుస్తకాలమీద అంతటా కనబడుతుంది. దానిని అనుసరించి వచ్చే మాటను ఎవరూ గోడమీద వ్రాయరు. మాలో ఉన్న సుచరితాలను మాత్రమే నీవు ఆచరించు, తక్కినవాటిని వద్దు అంటాడు ఆచార్యుడు. గౌరవించమని చెప్పిన వెంటనే తనలో తప్పులున్నవని శిష్యుని ఎదుట ఒప్పుకొంటున్నాడు. ఇది ప్రతిదినం మేము స్వరంతో పఠించే భాగం. నాకు దాని అర్థం ఆ దింపుతాత వలన, మా గురువుగారి వలన తెలిసినది. ఆపస్తంబధర్మసూత్రం చిట్టచివరి ఖండంలో, మిగిలిన ధర్మాలను స్త్రీలవద్ద, అన్ని వర్ణాలవారివద్ద తెలుసుకోవాలని కొందరు చెబుతారన్న మాట ఉన్నది. చేతి ఎత్తుకు కొలతలు పెట్టిన ఋషియే గ్రంథం ముగించేవేళకు ఈ మాటను చేర్చాడు. ఆ చివరి సూత్రందాకా చదివేవారు తక్కువ.

మా గోదావరివారి భాషలో మిగిలిన ఒక అవశేషాన్ని ఇక్కడ చెప్పాలి. సినిమాలలో మమ్మల్ని పరిహసించడానికి వాడే "ఆయ్" అనే మాట. పిలిచినవారికి, చెప్పినవారికి, "విన్నాను, మీ మాట నాకు చేరింది" అని తెలిపే బదులు అది. వెనుక "అండి" చేరితే గౌరవం పూర్తి అవుతుంది. ఇది ఏ వ్యాకరణానికీ ఎక్కని మన దేశి ప్రత్యభివాదం. కాకపోతే ఇది ఎప్పుడూ చిన్నవాడు పెద్దవానికి, కూలివాడు ఆసామికి చెప్పేదిగా స్థిరపడిపోయినది. పెద్దవాడు పిల్లవానికి "ఆయ్" అని పలకడం నేను చాలా అరుదుగా విన్నాను.

అయితే దేవతలు పలుకుతారు. మా సీమలో కనుమ పండుగనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థం జరుగుతుంది. 2023 గణతంత్రదినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థాన్నే ప్రదర్శించినది కనుక దూరప్రాంతాలవారు కూడా చూచి ఉంటారు. ఆ తోటలో గుడి లేదు, గోపురం లేదు. చుట్టుపక్కల పదకొండు గ్రామాల రుద్రులు వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభలపై, రంగురంగుల వస్త్రాలతో, యువకుల భుజాలమీద అక్కడికి తరలివస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశికలో దిగి, నీటిని దాటి, పచ్చని చేలమీదుగా వస్తాయి. తోట మొసలపల్లిలో ఉన్నది కనుక ఆ ఊరి భోగేశ్వరస్వామి అందరికన్న ముందు వచ్చి అతిథులకోసం ఎదురుచూస్తాడు. అందరినీ సాగనంపిన తరువాతనే తాను వెళతాడు. వ్యాఘ్రేశ్వరస్వామి ఆ సభకు అధ్యక్షుడు. ఆయన ప్రభ తోటలో అడుగుపెట్టగానే, అప్పటికే దిగి ఉన్న తక్కిన ప్రభలన్నిటినీ ఒక్కసారిగా పైకి లేపుతారు. శాస్త్రంలో దీనిని అభ్యుత్థానం అంటారు, వచ్చినవారికోసం లేచి నిలబడడం.

ఈ సంవత్సరం ఆలయంలో ఉదయపూజ ముగించుకొని మా మనుమని తీసుకొని వెళ్ళాను. ప్రభలు లేచినప్పుడు జనం శరభశరభ అని కేకలు వేస్తుంటే వాడు నా భుజంపై చేయివేసి అడిగాడు: "అందరూ దేవుళ్ళే కదా తాతగారూ, మరి ఒకరికోసం ఒకరు ఎందుకు లేవాలి?" అందరూ దేవుళ్ళే కనుక అన్నాను. వాడికి ఆ సమాధానం చాలినట్లు లేదు. నాకు కూడా అంతకన్న మంచిది తోచలేదు.

తిరిగివస్తుండగా చేలగట్టుమీద ఆ గృహస్థు, ఆయన కుమారుడు ఎదురైనారు. బాలుని చేతిలో జీళ్ళపొట్లం ఉన్నది. వాడు నన్ను చూచి తల దించుకొన్నాడు, దండం పెట్టలేదు. కార్తికంలో రెండుసార్లు పెట్టి ఫలితం చూచినవాడు మూడవసారి ఎందుకు పెడతాడు? తండ్రి వాడి భుజం తట్టి, "స్వామివారికి దండం పెట్టరా, శ్లోకం కూడా నేర్పాను కదా" అని కోపగించబోయాడు. నేను ఆయనను ఆగమని, గట్టు దిగి వాడి ఎదుటకు వెళ్ళి, వాడి పేరు అడిగాను. చెప్పాడు. ఆ పేరునే చివరి అచ్చు సాగదీసి పలికి, "ఆ రోజు నీవు రెండుసార్లు నమస్కారం చేశావట నాయనా, నేను చూడలేదు. దానికి ఇప్పుడు బదులు చెబుతున్నాను" అన్నాను.

వాడు ముందు తండ్రి ముఖం చూశాడు. తరువాత మా మనుమని చూశాడు. పొట్లం విప్పి, మా ఇద్దరికీ చెరొక జీడి ఇచ్చాడు.